గాలి కుదిరాకే రంగు

*వినాయకుడి చెంప మీది మెరుపు, బైకు ట్యాంకు మీది పులి, పెళ్లికూతురి మేకప్, పుట్టినరోజు కేకు... అన్నింటి వెనకా ఇప్పుడు ఎయిర్‌బ్రష్ ఉంది. పెన్నంత ఉండే ఆ పనిముట్టును కొనడం తేలికే. దానికి గాలి పట్టే కంప్రెసర్ దగ్గరే చిక్కంతా.*

శ్రావణం చివరికొచ్చింది. హైదరాబాద్ ధూల్‌పేటలో ఓ రేకుల షెడ్డు. బయట ముసురు. లోపల మూలన కంప్రెసర్ మోత. పన్నెండడుగుల గణపయ్యకు తెల్ల పూత ఆరి, ఒంటికి లేత పసిమి రంగు పడింది. ఇక ముఖమే మిగిలింది. పరంజా మీద గొంతుక్కూర్చున్న పెయింటర్ పెద్ద స్ప్రే గన్ను పక్కన పెట్టి, పెన్నంత లావున్న ఎయిర్‌బ్రష్ అందుకున్నాడు. చూపుడువేలు మీట మీద ఆనించి తొండం మొదట్లో, కనురెప్పల కింద, చెవి మడతల్లో గోధుమరంగు నీడ దించుతున్నాడు. ఆ నీడ ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిపోతోందో కంటికి అందడం లేదు.

అంతలో తుప్పున ఒక చుక్క చెంప మీద పడింది. రంగు కాదు, నీళ్లు. చుట్టూ రంగు చెదిరి రూపాయి బిళ్లంత మచ్చ తేలింది.

"అరే ఛోటూ! ట్యాంకుల నీళ్లు దీసినవా?"

"పొద్దుగాల్నే దీసిన భయ్యా."

"మల్ల దియ్యి. వాన గొడ్తున్నది కనవడ్తలేదా?"

కింద కుర్రాడు కంప్రెసర్ పొట్ట కింది మర తిప్పాడు. బుస్సుమని గాలి, దాని వెంట తుప్పు రంగు నీళ్లు. పైన పెయింటర్ గుడ్డతో చెంప అద్ది, ఆరేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

చవితి ముందు ఇలాంటి షెడ్ల దగ్గర విగ్రహం బేరమాడేవాళ్లతో పాటు ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడే కుర్రాళ్లూ కనిపిస్తారు. నిమిషం వీడియోలో ముఖానికి జీవం వచ్చేస్తుంటే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. హెల్మెట్ మీద తమ పేరు, చిన్న చిన్న విమానాల మోడళ్లు, త్రీడీ ప్రింటర్‌లో తీసిన బొమ్మలు... ఏదో ఒకటి వేద్దామని అదే రాత్రి ఆన్‌లైన్‌లో కిట్టు ఆర్డర్ పెట్టేస్తారు. అందులో బ్రష్ వస్తుంది, గొట్టం వస్తుంది, రంగు గిన్నెలూ వస్తాయి. గాలి మాత్రం రాదు. వచ్చినా అరచేతిలో పట్టే బ్యాటరీ డబ్బా ఒకటి. వారం తిరిగేసరికి కిట్టు అటక మీదికెక్కుతుంది, 'మన చేతిలో కళ లేదు' అని తీర్మానం కూడా అయిపోతుంది. చాలాసార్లు చేతి తప్పేమీ ఉండదు. గాలి కుదరదు, అంతే.

ఫొటోల కోసం పుట్టింది

ఎయిర్‌బ్రష్ పుట్టింది విగ్రహాల కోసమో మోటారు బళ్ల కోసమో కాదు, ఫొటోల కోసం. అమెరికాలో ఫ్రాన్సిస్ ఎడ్గర్ స్టాన్లీ అనే ఆయన ఫొటోలకు రంగులద్దడానికి గాలితో రంగు చిమ్మే సాధనానికి 1876లో పేటెంట్ తీసుకున్నాడు. కవల సోదరుడితో కలిసి తర్వాత ఆయన చేసిన ఆవిరి కార్లే పేరుమోసిన స్టాన్లీ స్టీమర్లు. ఐయోవాలో ఆబ్నర్ పీలర్ 1879లో తనదైన నమూనా కట్టాడు. రంగూ గాలీ బ్రష్ లోపలే కలిసే పద్ధతిని 1890ల్లో చార్లెస్ బర్డిక్ తెచ్చాడు. ఇవాళ మన చేతిలోకి వచ్చేది మెరుగులు దిద్దుకున్న ఆ పద్ధతే. అప్పట్లో కరెంటు కంప్రెసర్లు ఎక్కడివి? చేత్తోనో కాలితోనో పంపు కొట్టుకుంటూ బొమ్మ వేసేవాళ్లు.

ఫొటో దిద్దే పని మంచికే జరిగిందనుకోవద్దు. మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడి ఫొటో దిగిన రహస్య పోలీసు అధిపతి నికొలాయ్ యెజోవ్‌ను 1940లో కాల్చి చంపారు. తర్వాత అదే ఫొటోలో ఆయన ఉన్నచోట కాలువ నీళ్లు తప్ప ఏమీ లేవు. ప్రభుత్వ రీటచింగ్ చేతుల పనితనం అది.

1990లో ఫొటోషాప్ వచ్చాక కాగితం మీది పనంతా మెల్లగా కంప్యూటర్ లాగేసుకుంది. కానీ బైకు ట్యాంకు మీదికీ, విగ్రహం చెంప మీదికీ కంప్యూటర్ ఎక్కలేదుగా. ఎయిర్‌బ్రష్ అక్కడ నిలబడింది. అలాగని అన్నిటికీ పనికొస్తుందనీ కాదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024లో 70 అడుగులకు చేరిన ఖైరతాబాద్ గణపతి ఒంటికి పెన్నంత బ్రష్ ఏ మూలకూ చాలదు. కొండపల్లి బొమ్మకైతే అసలు తాకించకపోవడమే మేలు. కుంచె గీతలోని ఆ చిన్నపాటి వణుకే దాని అందం, గాలి రంగు పడితే అది ప్లాస్టిక్ బొమ్మ వాలకం పెడుతుంది.

టైరుకు పట్టేంత గాలి కూడా అక్కర్లేదు

పీఎస్‌ఐ అంటే ఏమిటో పంక్చర్ షాపు దగ్గర ఆగిన ప్రతివాళ్లకీ తెలుసు. కారు టైరుకు 32 పట్టమంటాం. ఎయిర్‌బ్రష్‌కు మామూలు పనికి 15 నుంచి 25 చాలు. సన్నటి వెంట్రుక గీతలకు ఇంకా తగ్గిస్తారు, టీషర్టు గుడ్డలోకి రంగు దిగాలంటే 40 దాకా పెంచుతారు. మరి ఇంత తక్కువ ఒత్తిడికి అంత హైరానా ఎందుకు? ఒత్తిడి ఒక్కటే లెక్క కాదు. ఆ ఒత్తిడితో నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి, తెంపు లేకుండా, పొడిగా వస్తోందన్నదీ చూడాలి.

టైర్లలో గాలి నింపే 12 వోల్టుల పంపు ఇక్కడే చతికిలబడుతుంది. దాని డయల్ మీద 100 పీఎస్‌ఐ అని ఉంటుంది, నిజంగా ఇస్తుంది కూడా. కానీ కొద్ది నిమిషాలకే మోటారు కాలిపోయేంత వేడెక్కుతుంది, గాలి గుక్కలు గుక్కలుగా వస్తుంది. ఆ గుక్కలన్నీ గీతలో చుక్కలై కనిపిస్తాయి.

చిన్న పిస్టన్ కంప్రెసర్లది తర్వాతి మెట్టు. ఒక హెచ్‌పీలో ఆరో వంతో ఐదో వంతో మోటారు, అంటే 125 నుంచి 150 వాట్లు, ఒక ఫ్యాను రెండింతలు. నూనె పోసే పని లేదు. పక్క గదిలో పసివాడు నిద్ర లేవడు. ఇవి ట్యాంకు లేకుండానూ దొరుకుతాయి, మూడు లీటర్ల ట్యాంకుతోనూ దొరుకుతాయి. ట్యాంకు లేనిది కొనొద్దు, అంతే. రెండింటికీ మధ్య ధర తేడా ఒకటి రెండు నెలల్లో మరిచిపోతాం. ట్యాంకు లేక గాలి కొట్టుకోవడం మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది.

మూడోది పెయింటింగ్ షెడ్లలో కనిపించే 24, 50 లీటర్ల ట్యాంకు కంప్రెసర్. విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే స్ప్రే గన్ను నిమిషానికి వంద లీటర్లకు పైనే మింగుతుంది కాబట్టి అక్కడ ఇది తప్పదు. మనకు అంత అక్కర్లేదు, అయినా దీన్ని కొట్టిపారేయొద్దు. ధరలో చిన్నదానికి అటూ ఇటూగానే ఉంటుంది. టైర్లకు గాలి, దుమ్ము ఊదడం, రేపెప్పుడైనా స్ప్రే గన్ను... అన్నిటికీ ఆదుకుంటుంది. దీని జబ్బు ఒకటే, మోత. సొంత ఇల్లు, వెనక వసారా ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తెచ్చుకోవచ్చు. అపార్టుమెంటులో అయితే పక్కింటి ఆంటీతో సంబంధాలు ఎలా ఉన్నాయో ముందు చూసుకోవాలి.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పీకి వాడుకునే ఘటికులూ ఉన్నారు. చప్పుడే ఉండదు, నిజం. కానీ అది నూనెలో మునిగి తిరిగే యంత్రం. ఆ నూనె ఆవిరి రంగులో కలిస్తే పూత మీద చేప కళ్లలాంటి గుంటలు పడతాయి, మంచి ఫిల్టరు పెట్టాల్సిందే. నూనె కంటే ట్యాంకుతో ఎక్కువ భయం. దానికి పాత గ్యాస్ సిలిండర్ తగిలించే వీడియోలు చూసి ఎవరూ మోసపోవద్దు. లోపల ఎంత తుప్పు తిన్నదో తెలియని డబ్బాలో ఒత్తిడి నింపి, సేఫ్టీ వాల్వు లేకుండా పక్కన కూర్చుని బొమ్మలేయడం కళ అనిపించుకోదు.

> కాగితం మీద లెక్క
>
> 0.3 మి.మీ. సూది బ్రష్ సుమారు 20 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి 10 లీటర్ల గాలి వాడుతుందనుకుందాం.
>
> 3 లీటర్ల ట్యాంకు: చిన్న కంప్రెసర్ మోటారు 4 బార్ దగ్గర ఆగి, 3 బార్ దగ్గర మళ్లీ అందుకుంటుంది. ఈ నడుమ ట్యాంకు ఇచ్చేది 3 లీటర్ల గాలి. అంటే మోటారుకు దొరికే విశ్రాంతి 18 సెకన్లు.
>
> 24 లీటర్ల ట్యాంకు: 8 బార్ దాకా నింపి స్విచ్ కట్టేస్తే 2 బార్‌కు దిగేలోపు 144 లీటర్లు వస్తాయి. అంటే చప్పుడు లేని 14 నిమిషాలు.
>
> ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ.

లేబుల్ మాట, దుకాణం మాట

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో మీ ఊరి మెషినరీ కొట్లోనో అడిగితే ముందు హెచ్‌పీ చెబుతారు. హెచ్‌పీ మోటారుది, గాలిది కాదు. లేబుల్ మీద నిమిషానికి ఇన్ని లీటర్లని ఉంటే అది పిస్టన్ కదలికను బట్టి కట్టిన లెక్కా, బయటికొచ్చే అసలు గాలా అని అడగండి. మొదటిదైతే చేతికొచ్చేది అందులో మూడింట రెండు వంతులే అనుకోండి. ఘనపుటడుగుల్లో చెబితే ఒక్కోదానికీ 28 లీటర్లు వేసుకోండి.

రెగ్యులేటర్, మీటరు, నీటిని పట్టే ఫిల్టరు ఈ మూడూ ఉన్నాయో లేదో చూడాలి. మర సైజులు కలవక జనం దుకాణం చుట్టూ తిరుగుతుంటారు. బ్రష్ వైపు సాధారణంగా 1/8 అంగుళం, కంప్రెసర్ వైపు 1/4. మధ్యలో అడాప్టర్ కావాలి. బిగించాక సబ్బు నురగ రాస్తే ఎక్కడ లీకవుతోందో బుడగలే చెబుతాయి. ఇంకో సంగతి: ఒత్తిడిని ఊరికే ఉన్నప్పుడు సరిచేయకూడదు. మీట నొక్కి గాలి పోతుండగా మీటరు చూసి 20 పెట్టుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు 20 చూపించింది, మీట నొక్కగానే పదిహేనుకో ఇంకా కిందికో జారిపోతుంది.

విశాఖలో గాలి తడిగా ఉంటుంది

ధూల్‌పేట షెడ్డులో చెంప మీద పడ్డ చుక్క ఎక్కడి నుంచి వచ్చినట్టు? గాలిలోంచే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ట్యాంకులో చల్లారుతుంది. అలా కుదించిన గాలి మునుపటంత తేమను మోయలేక నీరుగా వదిలేస్తుంది. 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజున, అంటే విశాఖలోనో కాకినాడలోనో మామూలు రోజున, వెయ్యి లీటర్ల గాలిని 8 బార్‌కు నొక్కితే సుమారు 20 మిల్లీలీటర్ల నీళ్లు దిగుతాయి. నాలుగు టీ స్పూన్లు. గంటన్నర పైచిలుకు బొమ్మ వేస్తే అంత నీరు ట్యాంకు అడుగున చేరినట్టే. వేసవిలో అనంతపురం గాలికి ఈ బాధ చాలా తక్కువ. అక్కడి కష్టం వేరు, ఆ పొడిగాలికి రంగు సూది మొన మీదే ఎండిపోతుంది.

పని అయ్యాక ట్యాంకు మర తిప్పి నీళ్లు వదిలేయడం ఒక అలవాటు. ఫిల్టరును కంప్రెసర్‌కు ఆనించి కాక కాస్త గొట్టం తర్వాత పెట్టుకోవడం ఇంకొకటి. గాలి ఆ గొట్టంలో చల్లారి నీరు ముందే విడుస్తుంది, ఫిల్టరు దాన్ని పట్టేస్తుంది. వానాకాలంలో బ్రష్ పిడికి దగ్గర ఇంకో చిన్న ఫిల్టరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. దండగేం కాదు.

ఇక బ్రష్ సంగతి

బ్రష్ గురించి ఇంత ఆలస్యంగా మాట్లాడటం కావాలనే. నేర్చుకునేవాళ్లకు 0.3 మి.మీ. సూది, నెత్తిన గిన్నె, డబుల్ యాక్షన్ మీట ఉన్నది చాలు. మీటను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గిన్నె పైన ఉంటే రంగు తనంతట తాను దిగుతుంది కాబట్టి తక్కువ ఒత్తిడితోనే పని జరుగుతుంది. కింద సీసా వేలాడే రకం పెద్ద పనులకు, టీషర్టులకు బాగుంటుంది. ఇవాటా, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ లాంటి జపాన్, జర్మనీ బ్రష్‌ల పనితనం నిజమే. కానీ మొదటి కొన్ని వారాల్లో సూది మొన వంచని శిష్యుడు లేడు. మొన వంగితే రంగు ఒక పక్కకు చీలి పడుతుంది. కాబట్టి వెయ్యి రెండు వేల చైనా బ్రష్‌తో చేయి తిప్పుకుని, మిగిలిన డబ్బంతా గాలి మీద పెట్టమంటాను. బ్రష్ రేపు మార్చుకోవచ్చు. మంచి కంప్రెసర్ ఏళ్ల తరబడి పక్కనే ఉంటుంది.

రంగుల్లో అక్రిలిక్‌తో మొదలుపెట్టడం మేలు. ఎయిర్‌బ్రష్ కోసమే పలచగా చేసినవి దొరుకుతాయి. మామూలు ట్యూబు రంగయితే మీడియం, నీళ్లు కలిపి పాల చిక్కదనానికి తెచ్చి, నైలాన్ గుడ్డలో వడగట్టి పోయాలి. పోస్టర్ కలర్ రేణువులు ముతక, సూదిలో ఇరుక్కుంటాయి.

తొలి రోజుల్లో బొమ్మ జోలికి పోకుండా పాత దినపత్రిక పరుచుకుని చుక్కలు పెట్టండి. ఒకే సైజు చుక్కలు వరసగా. తర్వాత గీతలు. ఆ తర్వాత ఒక చివర లావుగా మొదలై రెండో చివర వెంట్రుకగా సన్నబడే గీతలు. జుట్టు, గడ్డి, నెమలి ఈక అన్నీ ఆ ఒక్క గీతలోంచే వస్తాయి. వేలికి అలవాటు కావాల్సిన వరస ఇది: ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు, చివర గాలి. ఈ వరస తప్పిందంటే గీత మొదట్లోనో చివర్లోనో బొట్టు పడుతుంది. రంగు సాలెపురుగు కాళ్లలా పాకిందంటే మరీ దగ్గర పెట్టారనో, నీళ్లెక్కువయ్యాయనో, ఒత్తిడి మించిందనో అర్థం. గరుకుగా ఇసుక చల్లినట్టు పడితే దూరం ఎక్కువై రంగు గాలిలోనే ఆరిపోతోంది.

శుభ్రం చేయడం ఎవరికీ ఇష్టముండదు. అయినా రంగు మార్చిన ప్రతిసారీ నీళ్లు పోసి చిమ్మాలి, చివర్లో సూదిని తీసి తుడవాలి. బ్రష్ మొత్తాన్ని రాత్రంతా థిన్నర్‌లో నానబెడితే లోపలి రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి.

> వేటికి ఎంత?
>
> పెళ్లి మేకప్: 10 పీఎస్‌ఐకి అటూ ఇటూ. అరచేతి కంప్రెసర్ సరిపోతుంది.
>
> కేకులు: 15 నుంచి 20. తినే రంగులే వాడాలి. ఇంతకుముందు పెయింట్ పోసిన బ్రష్‌ను ఎంత కడిగినా కేకుకు వాడొద్దు.
>
> మోడళ్లు, చిన్న బొమ్మలు: 12 నుంచి 20. ట్యాంకున్న చిన్న కంప్రెసర్.
>
> హెల్మెట్, బైకు ట్యాంకు: 20 నుంచి 30. వీలైతే 24 లీటర్లది.

రంగు గాలిలోకి పోతే

విగ్రహాల షెడ్లలో రంగు కొట్టేవాళ్లు ముక్కుకు కట్టుకునేది చాలాచోట్ల ఒక చేతిరుమాలు. సాయంత్రం ఆ రుమాలు ఏ రంగులో ఉందో చూస్తే లోపలి కథ తెలుస్తుంది. రుమాలుకు అంటుకున్నది కొంతే, సన్నటి తుంపర దాని నేతలోంచి దాటిపోతుంది. సీజన్ కూలీ కాబట్టి మాస్కు ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌నూ విషపు రంగులనూ వద్దన్నాయి, సహజమైన నీటి రంగులు వాడమన్నాయి. అందరూ చెరువు గురించే మాట్లాడారు. ఆ రంగు చెరువులో కలవడానికి నెల ముందే పెయింటర్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తోంది, దాని మాట ఎవరూ ఎత్తరు.

ఇంట్లో వేసేవాళ్లకు అక్రిలిక్ అయినా మంచి దుమ్ము మాస్కు తప్పదు. ఎనామిల్, లాకర్ అయితే ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. కార్లకు కొట్టే హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెట్టే రకం. వాటిని ఇంట్లో ముట్టుకోవద్దు. కాడ్మియం రంగులనూ చిమ్మకూడదు, ట్యూబు మీదే రాసి ఉంటుంది. కంప్రెసర్ స్విచ్ ఆడినప్పుడల్లా నిప్పురవ్వ లేస్తుంది, కాబట్టి థిన్నర్ వాడే గదిలో దాన్ని పక్కనే పెట్టుకోవద్దు. పొడవాటి గొట్టం వేసి గుమ్మం బయట ఉంచితే మోతా తగ్గుతుంది.

మూడో అంతస్తులో స్టూడియో

షెడ్డు లేనివాళ్లకు ఒక అట్టపెట్టె, దాని వెనక వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, కిటికీలోంచి బయటికి ఒక గొట్టం. తుంపర గది గోడలకు పట్టకుండా ఇది కాపాడుతుంది. ఈ ఏర్పాటు అక్రిలిక్‌కే, థిన్నర్ ఆవిరి మామూలు ఫ్యాను మోటారులోంచి పోకూడదు. కంప్రెసర్ కింద రబ్బరు మ్యాట్ పరిస్తే కింది ఫ్లాటుకు వణుకు దిగదు. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకు దొరికేది రాత్రి వేళ, కంప్రెసర్ అరవకూడనిదీ అప్పుడే. 24 లీటర్లది కొన్నవాళ్లు తొమ్మిదింటికల్లా ట్యాంకు నింపేసి, మోటారు కట్టేసి, ఆ పద్నాలుగు నిమిషాల్లో హెల్మెట్ ఒక పక్క ముగించేయొచ్చు. రెండో పక్కకు రేపటి తొమ్మిది దాకా ఆగాలి. ఆగలేనివాళ్లకు 50 లీటర్లది ఉంది. దాన్ని మూడో అంతస్తుకు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు, పనిచేసే లిఫ్టు కావాలి.